మా పెద్దమ్మ జబ్బుకు పేరుంది

పెద్దమ్మ పోయిందన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరును. మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు, పిల్లలు కుళాయి దగ్గర తోసుకుంటున్నారు, అప్పుడు అన్న ఫోన్ చేశాడు. అన్న అంటే పెద్దమ్మ కొడుకు. "పాపా, అమ్మ ఎల్లిపోయింది. నువ్వు రా" అన్నాడు. అంతకు మించి మాట్లాడలేకపోయాడు.

నగరి బస్సులో కూర్చున్నాక ఫోను తీసి చూశాను. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్దమ్మ ఫొటో, చుట్టూ రంగురంగుల పూలదండ, కింద "అనారోగ్యంతో స్వర్గస్థులైనారు" అనే అక్షరాలు. పుత్తూరు దాటేలోపల ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. "గుండెపోటంట గదా?" అని ఒక మామ. "షుగరు జాస్తి అయిందంట గదా?" అని ఒక అత్త. మా ఊరి నుంచి చిన్నాయన అయితే "వయసైపోయింది గదా పాపా, ఏం చేస్తాం" అన్నాడు. పెద్దమ్మకు అరవై కూడా నిండలేదు.

ఏడవాల్సిన దారిలో నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా పెద్దమ్మకు వచ్చిన జబ్బు పేరు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. అన్నిటికంటే ముందు ఆ పేరు రాయాలనిపించింది. మొదట్లోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఉన్న జబ్బు అది. మా ఇంట్లో అది మొదట్లో దొరకలేదు. దొరకకుండా దాని మీద మాటలు కప్పాం. ఒక్కో మాటా వినడానికి మెత్తగానే ఉంటుంది, ఎవరినీ నొప్పించదు. అట్లాంటి మెత్తటి మాటలన్నీ కలిసి ఒక మనిషిని తీసుకుపోయాయి.

పెద్దమ్మ మా అమ్మకు తోడబుట్టిన అక్క. మాదీ నేతపనివాళ్ల ఇల్లే. కానీ మా నాయన కాలానికి మగ్గం పోయింది, అమ్మా నాయనా పాకాల దగ్గర మామిడితోటల్లో కూలికి పోయేవాళ్లు. మా ఊళ్లో ఐదో తరగతి దాకానే బడి. నేను ఐదు పూర్తి చేయగానే ఇంక తోటకు తీసుకుపోదామని నాయన అనుకుంటుండగా పెద్దమ్మ నగరి నుంచి వచ్చింది.

"ఏమప్పా, ఈ పిల్లని నాకిచ్చేయ్. ఆడ హైస్కూల్లో ఏస్తాను" అంది.

"సదివించి ఏం చేస్తావు వదినా?" అన్నాడు నాయన.

"ఏమీ చెయ్యను. మన ఇండ్లల్లో ఒకరైనా బస్సు బోర్డు సదివేవాళ్లు ఉండల్ల గదా. మొన్న పుత్తూరుకని ఎక్కి తిరుత్తణిలో దిగినాను."

నాయన నవ్వాడు. ఆ నవ్వులోనే నా చదువు ఖాయమైపోయింది. మా ఇంట్లో బడి గడప దాటి కాలేజీ దాకా పోయిన మొదటి మనిషిని నేను. దానికి కారణం పెద్దమ్మ తప్పు బస్సు ఎక్కడమేనని ఆమె అందరికీ చెప్పేది.

నగరిలో వాళ్ల వీధిలో పగలంతా కరెంటుతో నడిచే పవర్‌లూమ్‌ల మోత. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాలి. ఆ వీధిలో పుట్టిన పిల్లలు ఊరికే మాట్లాడినా పోట్లాడినట్టే ఉంటుంది. పెద్దమ్మ ఇంట్లో మాత్రం ముందుగదిలో ఒక గుంట మగ్గం మిగిలింది. పెద్దనాయన షెడ్డులో కూలి నేతకు పోతే, ఇంటి మగ్గం పెద్దమ్మది. కాళ్లు గుంటలో పెట్టుకుని, బుగ్గలో వక్కాకు పెట్టుకుని, నేస్తూనే అన్నం ఉడికిందో లేదో వాసన చూసి చెప్పేది. నేను పక్కన కండెలు చుడుతూ చదువుకునేదాన్ని. చదివింది పైకి చదవమనేది. "నీ కడుపులోనే సదువుకుంటే నాకేం దక్కుతాది?" అనేది.

పడుగులో నిలువు దారం ఒకటి తెగిందంటే ఆమె కళ్లకు ముందే తెలిసేది. ఒకసారి నేను కూర్చుని నేస్తూ తెగిన దారాన్ని చూసీ చూడనట్టు పోనిచ్చాను. నాలుగు వేళ్ల మేర గుడ్డ పాడైంది. ఆమె కోప్పడలేదు. అంతా విప్పించి పక్కన కూర్చుంది. "దారం తెగితే తెగిందని చెప్పల్ల పాపా. ముడేస్తాం, అయిపోతాది. దాచిపెడితే గుడ్డంతా పోతాది" అంది. ఈ మాట ఎంతమందికి చెప్పిందో. కోడలికి, అన్నకు, కొత్తగా పని నేర్చుకునే వాళ్లకు.

తొమ్మిదిలోనో పదిలోనో మాకు మనిషి శరీరంలో పునరుత్పత్తి అనే పాఠం ఉండేది. మా సైన్సు సారు ఆ పాఠం దగ్గరకు రాగానే పుస్తకం మూసి, "దీన్ని ఇంటికాడ సదువుకోండి, పరీక్షలో పెద్దగా రాదు" అన్నాడు. మగపిల్లలు నవ్వారు, మేం తల దించుకున్నాం. సాయంత్రం పెద్దమ్మ "ఈ పొద్దు ఏం చెప్పినారు?" అంటే, "ఏం చెప్పలా, ఇంట్లో సదువుకోమన్నారు" అన్నాను.

"ఇంట్లో అంటే నేనుండేది ఇంట్లోనే గదా. సదువు."

సిగ్గుతో గొణుక్కుంటూ చదివాను. గర్భాశయ ముఖద్వారం అన్న మాట దగ్గర ఆమె మగ్గం ఆపింది.

"అదేంది? యాడుంటాది?"

పుస్తకంలో బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "ఓయమ్మా, మన ఒంట్లో ఇంత పెద్ద పేరుండేది ఒకటి ఉండాదా! ఇద్దరు బిడ్డల్ని కంటిని, ఒకరూ చెప్పలా సూడు." ఆ పేరును నా చేత మూడుసార్లు అనిపించుకుని నేర్చుకుంది. ఇప్పుడు నేను అదే పాఠం చెప్పే టీచరును. ఆ రోజు మా సారు మూసిన పుస్తకాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆడపిల్లల ఒంటి గురించి బడిలో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు? మా వీధి అరుగుల మీదా?

మా ఇళ్లలో మగ్గం దేవుడితో సమానం. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు దాన్ని ముట్టకూడదు, అది ఉన్న గదిలో అడుగు పెట్టకూడదు. వెనక వసారాలో ఒక చాప, వేరే పళ్లెం, వేరే చెంబు. దాన్నే "బయటుండటం" అంటాం. నేను పెద్దమనిషినైంది పెద్దమ్మ ఇంట్లోనే. ఆ చాప మీద కూర్చుని బడిపుస్తకం తెమ్మంటే పక్కింటి చిన్నమ్మ అడ్డం పడింది. చిన్నమ్మ అంటే పెద్దనాయన తమ్ముడి భార్య, పెద్దమ్మకు తోటికోడలు. ఆ ఇంటి ఆచారాలన్నీ ఆమె చేతుల్లోనే నడిచేవి.

"పుస్తకం సరస్వతి. ముట్టకూడదు" అంది చిన్నమ్మ.

"సరస్వతీ ఆడదే గదమ్మే. ఆమెకు తెలవదా ఈ బాధ?" అని పెద్దమ్మ పుస్తకాల సంచీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

నా కోసం ఆచారాన్ని అంత తేలిగ్గా పక్కకు నెట్టిన మనిషి, తన కోసం ఒక్కరోజూ నెట్టలేదు. ఈ ముక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండేళ్ల కిందట వేసవి సెలవులకు నగరి వెళ్లాను. ఇంటి ముందుగదిలో మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. పెద్దనాయన షెడ్డుకు పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. "పెద్దమ్మ యాడ?" అంటే "ఎనక ఉండాదిమ్మా" అని మొహం తిప్పుకున్నాడు. వెనక వసారాలో చాప మీద పెద్దమ్మ గోడకు ఆనుకుని ఉంది. పక్కన పళ్లెం, చెంబు. మనిషి సగమైపోయింది.

"ఈడ కూర్చున్నావేంది పెద్దమ్మా?"

"బయటుండానమ్మే."

"బయటుండేదేంది? నీకు నిలిచిపోయి ఎన్నేండ్లయింది!"

"మళ్లా తిరిగింది. వస్తా ఉండాది, పోతా ఉండాది. నాకు వయసు తిరిగిందేమో పో" అని నవ్వింది.

"ఎప్పట్నించి?"

"చలికాలం నించి."

చలికాలం నుంచి వేసవి దాకా. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ఎక్కడ కూర్చోవాలో తెలుసు, ఏ పళ్లెంలో తినాలో తెలుసు, మగ్గం గదిలోకి రాకూడదని తెలుసు. ఆ రక్తం ఎందుకు పోతోందో అడగాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? దానికి అప్పటికే ముట్టు అని పేరు పెట్టేశారు. ముట్టుకు డాక్టరు అక్కర్లేదు, చాప చాలు.

వీధిలో ఆడవాళ్లు వచ్చి ఎగతాళి చేసి పోయారట. "ఏమ్మే, మళ్లా పడుచుపిల్లవైనావంట గదా! మీ ఆయన్ని కొత్త కోక తెమ్మను" అని ఒకామె. "ఇంగ సీమంతం ఎప్పుడు పెట్టుకుందాం?" అని ఇంకొకామె. పెద్దమ్మ కూడా వాళ్లతోపాటు నవ్వింది. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. "ఏడి చేసింది అక్కా. సబ్జా గింజలు నానేసుకుని తాగు" అని గ్లాసు తెచ్చిచ్చేది. మందుల అంగడి మనిషి కూడా వేడికే అని ఏవో బిళ్లలు ఇచ్చాడు.

మా వైపు వేడి చేయనిదేముంది? కళ్లు ఎర్రబడితే వేడి. నోరు పూస్తే వేడి. మూత్రం మండితే వేడి, నడుం నొస్తే వేడి, పిల్లలు కలగకపోయినా వేడే. ఆ ఒక్క మాట పలికి, మజ్జిగ తాగించి, ఇంక అంతా చేసేసినట్టు చేతులు దులుపుకుంటాం.

మర్నాడే ఆమెను తిరుపతికి తీసుకొచ్చి ఒక ఆసుపత్రిలో చూపించాను. పరీక్ష చేసిన డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేస్తూ, "ఇన్నాళ్లు ఏం చేస్తున్నారమ్మా? ఇంత నిర్లక్ష్యమా?" అంది. పెద్దమ్మ తల దించుకుంది. నిర్లక్ష్యం! ఆ మాట తర్వాత చాలామంది నోట విన్నాను. చలి రాత్రుల్లో వసారాలో పడుకుని, ఒక్కపూట కూడా తప్పించకుండా, చెప్పిందల్లా చేసిన మనిషిది నిర్లక్ష్యమట. ఆమె ఒంటి మీద అందరికీ అధికారం ఉండింది. తప్పు జరిగినప్పుడు మాత్రం అది ఆమెదైపోయింది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. జబ్బు పేరు తెలిసిన రోజు పెద్దమ్మను బల్ల మీద కూర్చోబెట్టి మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పారు. అన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "పాపా, అమ్మకి చెప్పొద్దు. ఆ పేరింటేనే ప్రాణం పోతాది. గడ్డ అని చెబుదాం" అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్కడి పెద్ద డాక్టరు కూడా "అదే మంచిది, ధైర్యంగా ఉంటారు" అని తలూపాడు. ఎవరి ధైర్యం గురించి ఆ మాటలన్నీ? ఆమె ధైర్యాన్ని ఎవరైనా పరీక్షించి చూశారా? పేరు చెబితే ఏడుస్తుందని, ఆ ఏడుపు తాము చూడలేమని వాళ్ల భయం. ఆ భయానికి ఆమె పేరు తగిలించారు.

ఆమెకు కిరణాలతో చేసే వైద్యం అవసరమన్నారు. మా వైపు దాన్నంతా "కరెంటు పెట్టడం" అంటారు. వార్డులో పనిచేసే ఆమె వచ్చి, మంచి మనసుతోనే, "రేపట్నించి నీకు కరెంటు పెడతారు పెద్దమ్మా, బయపడొద్దు" అని చెప్పింది.

పవర్‌లూమ్‌ల వీధిలో బతికిన మనిషికి కరెంటు అంటే ఏమిటో ఆ ఆసుపత్రిలో ఎవరికి తెలుసు? వాళ్ల ఇంటి పక్క షెడ్డులో తెగిన వైరు తగిలి ఒక మనిషి చనిపోతే, కట్టెతో కొట్టి విడిపించిన వాళ్లలో పెద్దమ్మ ఒకతె. ఆమె మంచం దిగి సంచీ సర్దుకుంది.

"గడ్డకి కరెంటు పెట్టేదేంది? నన్ను కాల్చి సంపేదానికా? నాకొద్దు, ఇంటికి పోదాం రాండి."

"అది ఆ కరెంటు కాదుమా" అన్నాడు అన్న.

"మరేం కరెంటు? దేనికి పెడతారు?"

దేనికి పెడతారో చెప్పాలంటే జబ్బు పేరు చెప్పాలి. పేరు చెప్పకూడదు. "నొప్పికి" అన్నాడు అన్న. "నాకేం నొప్పి ల్యా" అని ఆమె నడిచింది. ఒక అబద్ధం చెప్పి ఆమెను కాపాడదామనుకున్నారు. ఆ అబద్ధమే వైద్యానికి అడ్డంగా నిలబడింది. ఇంటికి తిరిగొచ్చేశాం. తర్వాత ఎవరో చెబితే చిత్తూరు అవతల ఒకరి దగ్గర పసరు తాగించారు. గడ్డ కరిగిపోతుందన్నారు. వానలు వచ్చి వెళ్లిపోయాయి. ఆమె మళ్లీ చాప మీదే ఉంది.

నేను ఒట్టు తప్పాను. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, చిన్నప్పుడు చదివి వినిపించిన పాఠం గుర్తు చేశాను. "ఆ పెద్ద పేరుండే చోట క్యాన్సర్ వచ్చింది పెద్దమ్మా. గడ్డ కాదు, ముట్టు కాదు, వేడీ కాదు" అన్నాను.

ఆమె ఏడవలేదు. చెంబులో నీళ్లు తాగింది.

"మా అబ్బోడికి తెలుసా?"

"తెలుసు."

"మీ పెద్దనాయనకి?"

"తెలుసు."

"పక్కింటోళ్లకి?"

నేను తలూపాను.

"అంటే నా ఒంట్లో ఉండేది నాకు తప్ప అందరికీ తెలుసన్న మాట" అంది. గొంతు పెద్దదైంది. "నేనేం పసిబిడ్డనా? పిచ్చిదాన్నా? ఇంతమందికి కూడొండి పెట్టినదానికి ఒక పేరు ఇనేదానికి బలం ల్యాకపోయిందా?"

పెద్దనాయన గడప దగ్గర నిలబడి వింటున్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

కరెంటు గురించి అడిగింది. అది వైరులో పోయే కరెంటు కాదని, ఎక్స్‌రే తీసినప్పటి మాదిరి ఒంటికి ఏమీ తెలియకుండా కిరణాలు పోతాయని, అవి జబ్బును కాలుస్తాయని చెప్పాను. తర్వాత నీరసం, మంట ఉంటాయని కూడా దాచకుండా చెప్పాను. "అట్లనా. ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నేను వద్దంటినా?" అంది.

ఆ సాయంత్రమే ఆమె ఇంకో పని చేసింది. చాప చుట్టి గోడకు నిలబెట్టింది. ముందుగదిలోకి పోయి మగ్గం మీది దుప్పటి లాగేసింది. చిన్నమ్మ పరుగెత్తుకొచ్చి గడప అవతలే ఆగింది. "అక్కా! బయటుండి మగ్గం ముట్టతావా? ఇల్లేమై పోవాల!"

"నేను బయట లేనుమే. నాకు జబ్బు. జబ్బుండేది మగ్గం ముట్టకూడదని ఏ దేవుడు చెప్పినాడు?" అని గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

పెద్దమ్మ ఎక్కువసేపు నేయలేకపోయింది. కాళ్లలో బలం లేదు. కానీ ఆ నాలుగు పోగులు నేసినప్పుడు ఆమె మొహం నేను చూశాను. పేరు వింటే ప్రాణం పోతుందన్నారు. నాకైతే పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు కనిపించింది.

వైద్యానికి ఒప్పుకుంది, ఒక్కరోజూ మానలేదు. కానీ అప్పటికే అది ఊపిరితిత్తుల దాకా పాకిందని డాక్టర్లు చెప్పారు. ఈసారి వాళ్లు మాకు చెబుతుంటే ఆమె కూడా మా మధ్యలోనే కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ఒకరోజు తిరుపతి నుంచి తిరిగి వస్తుంటే బస్సులో పక్క సీటామె పెద్దమ్మ వాడిపోయిన మొహం చూసి, "ఏం జబ్బమ్మా?" అని అడిగింది. అన్న గబగబా "ఏం ల్యా, గడ్డ" అన్నాడు.

"గడ్డ కాదు. క్యాన్సరు. గర్భాశయ ముఖద్వారంలో" అంది పెద్దమ్మ, పవర్‌లూమ్ వీధి గొంతుతో.

పక్క సీటామె తెలియకుండానే అటు జరిగింది. "అట్ల జరగొద్దులేమ్మే, పక్కన కూర్చుంటే అంటుకోదు" అని నవ్వింది పెద్దమ్మ. కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు. "ఏమప్పా అట్ల సూస్తావు? క్యాన్సరుకి టికెట్ కొట్టొద్దు. నాకు కొట్టు చాలు" అంది. ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. పక్క సీటామె మళ్లీ ఇటు జరిగి, నగరి వచ్చేదాకా చెవిలో ఏవేవో అడుగుతూనే ఉంది.

అప్పటి నుంచి చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది. రక్తం పోతే, వాసనతో నీళ్లు పోతే, ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి పొమ్మనేది. ఇంట్లోవాళ్లకు అది తలవంపులైంది. "గమ్మునుండు అక్కా, ఇంట్లో పెండ్లికావాల్సిన బిడ్డలుండారు" అని చిన్నమ్మ బతిమాలేది. వీధిలో ఒకామె అయితే, "అట్లాంటి జబ్బు ఎట్లాంటోళ్లకి వస్తాదో తెలవదా" అని ముక్కు మీద వేలేసుకుందట. ఈ మాట నా చెవిన పడగానే నాకు కోపం ఆగలేదు. ఈ జబ్బుకు కారణమయ్యే వైరస్ మామూలు సంసారాల్లో ఉండే ఎవరికైనా వస్తుంది. భర్త తప్ప మరొకరిని ఎరగని వాళ్లకూ వస్తుంది. అది రాకుండా ఆడపిల్లలకు టీకా ఉంది. టీకా సంగతి ఒకరికీ తెలియదు, నింద మాత్రం అందరికీ నోటికి వచ్చు.

పెద్దమ్మ మాత్రం అంత కోపం తెచ్చుకోలేదు. "ఒకే మగ్గం, ఒకే మొగుడు. రెండూ నన్ను సతాయించినాయి గానీ నేను యాడికీ పోలా. పోయి చెప్పు ఆమెకి" అంది. పెద్దనాయన ఆ పూట చాలా రోజుల తర్వాత నవ్వాడు.

చివరి వారాల్లో ఆమె మాట తగ్గింది. ఊపిరి అందేది కాదు. పరామర్శకు వచ్చినవాళ్లు "ఏం పాపం చేసిందో, కర్మ" అని నిట్టూరిస్తే, కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపేది.

దినాలనాడు ఇంటి ముందు షామియానా వేశారు. మునుపు ఎప్పుడూ రాని బంధువు ఒకాయన భోజనాల దగ్గర "ఆమెకేమైంది?" అని అడిగాడు. అన్న నా వైపు చూశాడు. "క్యాన్సరు మామా" అన్నాడు. ఎక్కడ అని ఆయన అడగలేదు, అన్న చెప్పలేదు. అన్న అంతదూరం వచ్చాడు. మిగతాది నేను చెప్పాను. ఆకుల ముందు కూర్చున్న మగవాళ్లు అన్నం కలుపుకోవడం ఆపారు. "తినే కాడ ఆ మాటలేందమ్మా" అన్నాడు ఒకాయన. "తినే కాడ కాకపోతే యాడ చెప్పాల? మీరందరూ ఒకచోట కూర్చునేది ఈడనే గదా" అన్నాను. మా ఇంట్లో ఆడపిల్ల పెద్దల ముందు అట్లా మాట్లాడటం అదే మొదలు.

సాయంత్రం వెనక వసారాలో గిన్నెలు తోముతుంటే చిన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నేను చేసింది తప్పని తిట్టడానికి వచ్చిందనుకున్నాను. చాలాసేపు ఒకే గిన్నెను తోముతూ కూర్చుంది.

"పాపా, నాకూ రవంత కనపడతా ఉండాది" అంది.

ఆమెకు ముట్లుడిగి చాలా కాలమైంది. ముందు జాలి కాదు, కోపమే వచ్చింది. "ఎవరికైనా చెప్పినావా?"

"ఎట్ల చెప్పేది?"

"పెద్దమ్మ నీ కండ్ల ముందే పోయింది గదా చిన్నమ్మా!"

"అందుకే గదా నీకు చెప్తా ఉండా" అని కొంగుతో మొహం కప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే నాతోపాటు తిరుపతి బయల్దేరింది. తిరుమల కొండకు పోయొస్తానని మొగుడికి చెప్పింది. బస్టాండులో టీ కొట్టతను అడిగితే కొండకి అంది. వీధిలో పూలమ్మే ఆమె అడిగితే "కొండకి, మొక్కుండాది" అంది. దారి పొడవునా నాకు నోరు తెరిస్తే గట్టిగా అరుస్తానేమోనని భయమేసింది.

ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ ముందు పెద్ద వరుస. మా వెనక మగవాళ్లు, ఆడవాళ్లు, చంకలో పిల్లలు. కిటికీ లోపల ఉన్నామె తల ఎత్తకుండా, "ఏం ఇబ్బందమ్మా?" అంది.

"ఒంట్లో బాగలేదు" అంది చిన్నమ్మ.

"బాగలేకుంటేనే గదా ఈడకొస్తారు. ఏమైంది?"

చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. తన బదులు నన్ను చెప్పమని కళ్లతో అడిగింది. నాకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయినా చెప్పలేదు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా, వెనక ఇంతమంది ఉండారు."

వెనక ఎవరో విసుక్కున్నారు. చిన్నమ్మ వాళ్ల వైపు ఒకసారి తిరిగి చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది.

"రక్తం పోతా ఉండాది. ముట్లు నిలిచిపోయినాక పోతా ఉండాది" అంది. ఆ గొంతు మా వీధి గొంతు. "ఇది ముట్టు కాదు. పరీచ్చ చెయ్యండి."

చిన్నమ్మ తల దించలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి నడుముకు దోపుకుని, చీటీ కోసం కిటికీలోకి చెయ్యి చాపి అట్లాగే నిలబడింది.